రోము నీడలో – 7: సీజర్ పేరు చెరిగింది, పరీసీల పేరు నిలిచింది

గత భాగంలో అలేసియా కోట దగ్గర ఆగాం. క్రీ.పూ. 52. కోటలో గింజ లేదు. విడిపించడానికి వచ్చిన సైన్యం చెల్లాచెదురైంది. ఆర్వెర్ని తెగ యువ నాయకుడు వెర్సింజెటోరిక్స్ దిగి వచ్చి జూలియస్ సీజర్‌కు లొంగిపోయాడు. ఆరేళ్లు చెరలో మగ్గాక, క్రీ.పూ. 46లో అతన్ని రోము వీధుల్లో ఊరేగించి చంపేశారు. గాల్ దేశం, అంటే ఇప్పటి ఫ్రాన్సు, బెల్జియం, వాటిని ఆనుకున్న కొంత నేల, రోము కిందికి వచ్చేసింది.

చాలా పుస్తకాలు ఇక్కడ గాల్ కథకు మంగళం పాడేసి సీజర్ హత్య వైపు పరుగు తీస్తాయి. మనకు తొందర లేదు. ఓడినవాళ్లు మర్నాడు పొద్దున లేచి ఎలా బతికారో చూద్దాం. అందుకు నాకు కనిపించిన మంచి సాక్ష్యం ఊళ్ల పేర్లు.

అలేసియాను విడిపించడానికి ఏ తెగ ఎంతమందిని పంపాలో గాల్ పెద్దలు కూర్చుని వంతులు వేసుకున్నారు. ఆ లెక్కను సీజరే తన యుద్ధ కథనంలో రాసి పెట్టాడు. ఎదూయి తెగకు, ఆర్వెర్ని తెగకు వాళ్ల కింద ఉన్న చిన్న తెగలతో కలిపి చెరి 35 వేలు. సెనొనెస్, బితురిగెస్, కర్నూతెస్ తలా 12 వేలు. లెమొవికెస్ 10 వేలు. పిక్తొనెస్, తురొనెస్, పరీసీలు తలా 8 వేలు. ఈ జాబితా చేతిలో పట్టుకుని ఇవాళ్టి ఫ్రాన్సు రైల్వే పటం ముందు నిలబడండి. సెనొనెస్ ఊరు సాన్స్. బితురిగెస్ ఊరు బూర్జ్. కర్నూతెస్‌ది షార్త్ర్, లెమొవికెస్‌ది లిమోజ్, పిక్తొనెస్‌ది పువాటియే, తురొనెస్‌ది తూర్. పరీసీల ఊరు ఏదో చెప్పనక్కర్లేదు. ఓడిపోయిన సైన్యం హాజరుపట్టీని స్టేషన్ మాస్టరు చదువుతున్నట్టుంటుంది.

మరి గెలిచినవాడి సంగతి? ఆయన పేరు మీదా ఊళ్లు వెలిశాయి. తూర్‌కు రోమన్లు పెట్టించిన పేరు సీజరోదూనుం. ఉత్తరాన బోవే పట్టణం సీజరోమాగుస్. పడమట అంజే పట్టణం జూలియోమాగుస్. ఈ మూడింటిలో ఒక్క ఊరికీ ఆ పేరు మిగల్లేదు. మూడూ ఇప్పుడు తెగల పేర్లతోనే బతుకుతున్నాయి. రాజ్యం పోగొట్టుకున్నవాళ్ల పేరు నిలిచి, రాజ్యం ఏలినవాడి పేరు చెరిగిపోవడం ఎలా జరిగింది?

నేలను చూసి పెట్టిన పేర్లు

ముందు రోమన్లు రాకముందున్న పేర్లు చూద్దాం. గాల్ ప్రజలు మాట్లాడింది కెల్టు కుటుంబానికి చెందిన భాష. వాళ్లకు రాయడం రాదని కాదు. దక్షిణాన గ్రీకుల రేవు పట్టణం మసాలియా, ఇప్పటి మార్సేయి, దగ్గర్లోనే ఉంది. అక్కడి లిపి అరువు తెచ్చుకుని లెక్కలూ పత్రాలూ రాసుకున్నారు. కానీ విద్య అంతా ద్రూయిదులనే పూజారుల చేతిలో ఉండేది. వాళ్లు పవిత్రమైన దేన్నీ రాతలో పెట్టనిచ్చేవారు కాదు. కొందరు శిష్యులు ఇరవై ఏళ్లు కూర్చుని వల్లె వేసేవారని సీజర్ రాశాడు. వేదం నేర్చుకునే పద్ధతి తెలిసిన మనకు ఇందులో వింత కనిపించదు. దాని ఫలితం మాత్రం ఒకటుంది. కెల్టుల ఊళ్ల పేర్లు చాలావరకు మనదాకా వచ్చింది లాటిన్ కలం గుండానే. లాటిన్ తోకలు తగిలించుకుని వచ్చాయి.

ఆ తోకలు కత్తిరిస్తే లోపల నేల కనబడుతుంది. దూనుం అంటే గట్టు మీద కట్టిన కోట. మాగుస్ అంటే మైదానం, పోను పోను సంత జరిగే చోటు. బ్రివ అంటే వంతెన. అమియా పట్టణం పాత పేరు సమరోబ్రివ, అంటే సమర నది మీద వంతెన. ఆ నదినే ఇప్పుడు సోమ్ అంటున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదివినవాళ్లకు ఆ పేరు గుర్తుంటుంది. కొందాతె అంటే రెండు నదులు కలిసే చోటు, మన సంగమం. కొండను చూసి గోల్కొండ అనుకున్న మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

మన చెవికి ఇంకొంచెం దగ్గరగా వినిపించే ముక్కలూ ఉన్నాయి. నోవియోదూనుం అంటే కొత్త కోట. 'నోవియో' మన 'నవ'కు చుట్టం. మెదియోలానుంలో 'మెదియో' మన 'మధ్య'. బితురిగెస్ అంటే లోకానికి రాజులు, అందులో 'రిగెస్' మన 'రాజ'. వెర్సింజెటోరిక్స్ చివర ఉన్న 'రిక్స్' కూడా అదే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చేసిన ప్రసంగంలో కెల్టు భాషనూ కలిపాడు. తెలుగు వేరే కుటుంబం. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న నవ, మధ్య, రాజ ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఆ దూరపు చుట్టాలను గుమ్మంలోనే గుర్తుపడతాం.

రోమన్లకు ఆ గుర్తింపు లేకపోయింది. ఇటలీ ఉత్తర భాగం ఒకప్పుడు గాల్ తెగలదే. అక్కడి మెదియోలానుం, ఇప్పటి మిలాన్, పేరు విని లాటిన్‌లో 'మెదియో' అంటే సగం, 'లాన' అంటే ఉన్ని అని విడదీశారు. ఒంటి మీద సగం ఉన్ని ఉన్న ఆడపంది ఆ చోట కనబడిందని కథ అల్లారు. తెలియని భాషలో పేరు దొరికితే పెద్ద పెద్ద పండితులు కూడా పందుల వెంట పడతారు.

కాకులు వాలిన కొండ

ఇలాంటి కథే ఇంకొకటి లుగ్దూనుం గురించి ఉంది. అదే ఇప్పటి లియోన్. కొండ మీద కోట కడుతుంటే కాకుల గుంపు వచ్చి చెట్ల నిండా వాలిందనీ, కెల్టు భాషలో కాకిని 'లూగొస్' అంటారు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ ప్లూటార్క్ పేరు మీద చెలామణి అయిన ఒక గ్రంథం చెబుతుంది. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది దాన్ని లుగుస్ అనే దేవుడి కోట అంటారు. ఐర్లండ్ కథల్లో కనిపించే లూగ్ ఆ దేవుడి బంధువే. కాకుల కథ బాగుంది కానీ, నేను దేవుడి పక్షం. ఒక్క లియోన్ కాదు, ఉత్తరాన లాన్ పట్టణం, పిరనీస్ పర్వతాల కింద మరో ఊరు కూడా లుగ్దూనుంలే. అన్ని చోట్లా కాకులే వాలి ఉండవు.

ఈ ఊరు పుట్టిన తీరులో ఒక పగ ఉంది. రోన్ నది ఒడ్డున దిగువన వియెన్న అనే పట్టణం ఉండేది. ఆస్ట్రియా రాజధానితో దీనికి సంబంధం లేదు, ఇది ఇప్పటి ఫ్రాన్సులోని వియెన్. అక్కడి అల్లొబ్రొగెస్ తెగవాళ్లు తమ ఊళ్లో చేరిన రోమన్లను తరిమేశారు. వాళ్లు ఎగువన రోన్, సోన్ నదులు కలిసే చోట మకాం వేశారు. సీజర్ హత్య జరిగిన మరుసటి ఏడు, క్రీ.పూ. 43లో, సెనేట్ ఆజ్ఞ మీద మునాతియుస్ ప్లాంకుస్ అనే సేనాని వాళ్లకు అక్కడే కొండ మీద నగరం కట్టించాడు. అధికారిక పేరు కొలోనియా కోపియా, సమృద్ధి నగరం అని. ఇటలీలో గయేతా కొండ మీద ప్లాంకుస్ సమాధి ఇప్పటికీ నిలబడి ఉంది. తాను లుగుదూనుం కట్టించానని దాని మీద చెక్కించుకున్నాడు. సమృద్ధి మాట సమాధి మీద కూడా లేదు.

రెండు ఊళ్ల మధ్య ముప్పై కిలోమీటర్లు. పగ మాత్రం తరాలు దాటింది. క్రీ.శ. 69లో రోములో సింహాసనం కోసం కుమ్ములాట జరుగుతున్నప్పుడు వాలెన్స్ అనే సేనాని సైన్యంతో ఆ దారిన వచ్చాడు. లుగ్దూనుం జనం సైనికులను పట్టుకుని, వియెన్నను నేలమట్టం చేయండని నూరిపోశారు. భయపడ్డ వియెన్నవాళ్లు చేతుల్లో శరణు గుర్తులు పట్టుకుని, సైనికుల కాళ్ల మీద పడ్డారు. వాలెన్స్ తలకు 300 సెస్టెర్సుల చొప్పున సైనికులకు పంచి ఊరిని కాపాడాడు. ఆయనకు ముట్టింది అంతకంటే చాలా ఎక్కువని జనం చెప్పుకున్నట్టు చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

ఈ లుగ్దూనుం నుంచే అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా నాలుగు దిక్కులకు రాజమార్గాలు వేయించాడు. పన్నుల లెక్కా ఇక్కడికే చేరేది. అగస్టస్ కాలంలో ఆ పని చూసినవాడు లికినుస్. పుట్టుక గాల్‌లోనే. సీజర్ దగ్గర బానిసగా ఉండి విడుదలయ్యాడు. తనవాళ్లే కదా అని జాలి పడే రకం కాదు. పన్ను నెలకింత అని కట్టాలి. డిసెంబరు అంటే లాటిన్‌లో పదో నెల కాబట్టి, దాని తర్వాత ఇంకా రెండు నెలలు రావాలని వాదించి ఏడాదికి పద్నాలుగు నెలలు చేసి వసూలు చేశాడట. పేరులోని అర్థాన్ని పట్టుకుని జనాన్ని దోచుకున్నవాడు ఇతనొక్కడే అయి ఉంటాడు. అగస్టస్ స్వయంగా గాల్‌కు వచ్చినప్పుడు జనం మొర పెట్టుకున్నారు. లికినుస్ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి బంగారం, వెండి రాశులు చూపించి, ఇదంతా తమరి కోసమే కూడబెట్టానన్నాడు. తప్పించుకున్నాడు.

అరవై పేర్లు చెక్కిన రాయి

మన ప్రశ్నకు జవాబు కూడా లుగ్దూనుంలోనే, రెండు నదులు కలిసే కొందాతెలో ఉంది. క్రీ.పూ. 12 ఆగస్టు 1న అగస్టస్ సవతి కొడుకు ద్రూసుస్ అక్కడ రోముకూ అగస్టస్‌కూ బలిపీఠం ప్రతిష్ఠించాడు. ఆ పీఠం మీద అరవై తెగల పేర్లు చెక్కించారని భూగోళ రచయిత స్ట్రాబో చెబుతాడు. ఏటా ఆగస్టు 1న అరవై తెగల ప్రతినిధులూ అక్కడ కూడాలి. బలులు ఇవ్వాలి, చక్రవర్తికి జయం పలకాలి, పనిలో పనిగా గవర్నర్ల మీద ఫిర్యాదులూ చెప్పుకోవచ్చు.

ఓడించిన తెగల పేర్లను రోము ఎందుకు చెక్కించింది? పెద్ద మనసుతో కాదు, ఖర్చు కలిసొస్తుందని. అంత పెద్ద దేశాన్ని ఊరూరా అధికారులను పెట్టి ఏలే శక్తి దానికి లేదు. గాల్‌లో గ్రీసులో లాగా నగరానికో పాలన లేదు, తెగకో పాలన ఉంది. కాబట్టి తెగను ఉన్నదున్నట్టు తీసుకుని 'సివితాస్' అని లాటిన్ పేరు పెట్టారు. తెగ పెద్దలనే సభగా కూర్చోబెట్టారు. పన్ను లెక్క తెగ పేరు మీద, హద్దులు తెగ పేరు మీద. తెగకు ఒక ముఖ్య పట్టణం ఉండాలి. ఆ పట్టణానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఖాతా మాత్రం తెగదే. మన కథకు కీలకమంతా ఈ ఖాతా పుస్తకంలో ఉంది.

ఆ బలిపీఠానికి మొదటి పూజారి ఎదూయి తెగవాడు. అతని పేరు గైయుస్ జూలియుస్ వెర్కొందరిదుబ్నుస్. ఒకసారి మెల్లగా చదవండి. ముందు రెండు ముక్కలూ పౌరసత్వం ఇచ్చిన సీజర్ ఇంటివి. మూడోది వాళ్ల అమ్మ పిలిచే పేరు. కోటు వేసుకుని కింద పంచె కట్టుకున్నట్టుంటుంది. ఆ కాలంలో ఊళ్లకు పెట్టిన పేర్లూ అచ్చం ఇలాంటివే. సీజరోదూనుంలో సీజర్ కోటు, దూనుం పంచె. లిమోజ్‌కు అగుస్తోరితుం అని పెట్టారు, 'రితుం' అంటే కెల్టు భాషలో ఏరు దాటే రేవు. ఆర్వెర్నిల కొత్త రాజధాని అగుస్తోనెమెతుం, 'నెమెతుం' అంటే దేవుడి తోపు. రాజుగారి పేరు తగిలిస్తే నాలుగు రాళ్లు వస్తాయని తెగ పెద్దలకు తెలుసు. నేల పేరు వదులుకోవడానికి నోరు ఒప్పుకోలేదు.

ఈ పోటీలో ఎదూయిలు అందరికంటే ముందున్నారు. వాళ్ల పాత రాజధాని బిబ్రాక్టె ఎనిమిది వందల మీటర్ల ఎత్తున కొండ మీద ఉండేది. అలేసియా తర్వాతి చలికాలం సీజర్ గడిపింది అక్కడే. అగస్టస్ కాలంలో వాళ్లు ఆ కొండ దిగి పాతిక కిలోమీటర్ల దూరంలో చదునైన చోట అగుస్తోదూనుం కట్టుకున్నారు, అదే ఇప్పటి ఓటా. చుట్టూ ఆరు కిలోమీటర్ల ప్రాకారం, పెద్ద నాటకశాల, గాల్ పెద్దింటి కుర్రాళ్లు లాటిన్ చదువుకోవడానికి వచ్చే బడులు. క్రీ.శ. 21లో పన్నుల భారం, అప్పుల భారం భరించలేక సాక్రోవిర్ అనే ఎదూయి నాయకుడు తిరగబడ్డప్పుడు మొదట చేసిన పని ఈ బడి పిల్లలను పట్టుకోవడం. పిల్లలు చేతిలో ఉంటే తండ్రులు కలిసి వస్తారని లెక్క. ఎక్కువ రోజులు సాగలేదు. ఓడిపోయి ఒక పల్లెటూరి ఇంట్లో ప్రాణం తీసుకున్నాడు.

వదిలేసిన బిబ్రాక్టెను అడవి కప్పేసింది. అసలు అది ఎక్కడుందో కూడా మరిచిపోయారు. 1867లో అక్కడ తవ్వకం మొదలుపెట్టిన బుల్యో వృత్తికి ద్రాక్షసారా వ్యాపారి. ఆ కొండ నిండా దొరికినవి ఇటలీ నుంచి ద్రాక్షసారా తెచ్చిన మట్టి కూజాల పెంకులు. ఒక్క కూజా సారాకు ఒక బానిసను ఇచ్చేసేవారని పాత గ్రీకు రచయిత దియొదోరుస్ రాశాడు. సైన్యం కంటే ముందు సరుకు వచ్చిందన్నమాట.

కుమ్మరి లెక్కలు, పడవలవాళ్ల స్తంభం

పెద్దలు కోట్లు తొడుక్కుంటుంటే మామూలు జనం ఏం చేస్తున్నారు? దక్షిణాన ఇప్పటి మియో పట్టణం దగ్గర తార్న్, దూర్బీ నదులు కలుస్తాయి. ఆ చోటి పేరు కొందాతోమాగుస్. పైన చెప్పుకున్న ముక్కలతో మీరే విడదీయగలరు, సంగమం దగ్గరి సంత. క్రీ.శ. 1వ శతాబ్దంలో అక్కడ ఎర్రటి నిగనిగలాడే మట్టి పాత్రలు లక్షల్లో తయారయ్యేవి. ఒకే కొలిమిలో చాలామంది కుమ్మరులు తమ పాత్రలు కలిపి కాల్చేవారు. ఎవరివి ఎన్నో తర్వాత గొడవ రాకుండా ఒక పళ్లెం మీద గీకి, దాన్నీ కొలిమిలో పెట్టేవారు.

ఆ పళ్లేల మీద కొలిమి విడతల అంకెలు గాల్ భాషలో ఉన్నాయి. ఎనిమిదోది 'ఒక్స్తుమెతో', తొమ్మిదోది 'నామెత్', పదోది 'దెకమెతోస్'. అష్టమ, నవమ, దశమ అని పక్కన పెట్టుకుని చదువుకోండి. కుమ్మరుల పేర్లు కొన్ని లాటిన్, కొన్ని కెల్టు. పాత్ర అమ్మేది సామ్రాజ్యమంతా, లెక్క పెట్టుకునేది ఇంటి భాషలో. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి పూడిపోయినప్పుడు, అక్కడ ఇంకా సర్దని పెట్టెలో ఈ ఊరి పాత్రలు ఉన్నాయి.

మాటలు ఎదురు దిక్కున కూడా ప్రయాణం చేశాయి. బండ్లు కట్టడంలో గాల్ వడ్రంగులు రోమన్లకు గురువులు. వాళ్లు బండిని 'కర్రోస్' అంటే రోమన్లు 'కర్రుస్' అన్నారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు పోయి, మన ఇంటి ముందు 'కారు'గా ఆగింది. దారి కొలతలోనూ గాల్‌దే పైచేయి అయింది. రోమన్ రాజమార్గం మీద మైలురాళ్లు మొదట మైళ్లే చెప్పేవి. క్రీ.శ. 200 ప్రాంతంలో సెప్తిమియుస్ సెవెరుస్ చక్రవర్తి కాలం వచ్చేసరికి అవే రాళ్ల మీద గాల్ కొలత 'లూగా' చెక్కడం మొదలైంది. లూగా అంటే ఒకటిన్నర రోమన్ మైలు. రెండు వందల ఏళ్లు ఏలాక కూడా జనం మైళ్లలో నడవలేదు.

పరీసీల ఊరు లుతేతియాలో సేన్ నది మీద సరుకు నడిపే పడవలవాళ్లు తిబేరియుస్ చక్రవర్తి కాలంలో ఒక రాతి స్తంభం నిలబెట్టారు. 1711లో నోత్ర్‌దామ్ చర్చి కింద దాని ముక్కలు బయటపడ్డాయి. రోమన్ల జూపిటర్ ఉన్నాడు. ఆయనతో పాటు కొమ్ముల దేవుడు కెర్నున్నోస్, మూడు కొంగలను మోసే ఎద్దు కూడా ఉన్నాయి. ఆ ఎద్దు పేరు తర్వోస్ త్రిగరనుస్. 'త్రి' ఏమిటో నేను చెప్పను. గమనించాల్సింది ఇంకొకటి. ఆ స్తంభం మీద పడవలవాళ్లు తమను పరీసీ పడవలవాళ్లుగా చెప్పుకున్నారు. ఊరి పేరు ఎత్తలేదు.

పేర్లు మారిన కాలం

క్రీ.శ. 3వ శతాబ్దంలో గాల్‌కు గడ్డుకాలం వచ్చింది. రైన్ నది దాటి జెర్మన్ తెగలు పడ్డాయి. 260లో పోస్తుముస్ అనే సేనాని రోమును కాదని గాల్‌కు వేరే సామ్రాజ్యం ప్రకటించుకున్నాడు, అది 274 దాకా నడిచింది. ఊళ్లు ముడుచుకుపోయాయి. పాత గుళ్ల రాళ్లు, సమాధుల రాళ్లు పీకి, ఊరి నడిమి ముక్క చుట్టూ గోడలు లేపుకున్నారు. లుతేతియా ఎడమ ఒడ్డున పెద్ద ఊరుగా పెరిగింది, ఇప్పుడు నది మధ్య దీవిలో కోటగా తలదాచుకుంది. పట్టణానికి పట్టణంగా చెప్పుకోవడానికి మునుపటి గొప్ప లేదు. మిగిలింది ఒక్కటే, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అది తెగ కచేరీ. పన్ను కట్టడానికీ, తగవు తీర్చుకోవడానికీ జనం 'పరీసీల దగ్గరికి' పోతున్నామన్నారు. లాటిన్‌లో 'పరీసీస్'. అందులో విభక్తితో వచ్చిన చివరి 'స్' పేరులోనే ఉండిపోయింది. ఇప్పటి ఫ్రెంచివాళ్లు దాన్ని రాస్తారు, పలకరు. వాళ్లు 'పారీ' అన్నప్పుడల్లా మింగేస్తున్నది ఒక లాటిన్ విభక్తి ప్రత్యయాన్ని.

పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన నడిచిన క్షణం ఒకటి దొరుకుతుంది. 350ల చివర్లో జూలియన్ అనే యువరాజు ఆ దీవిలో చలికాలాలు గడిపాడు. అక్కడి ద్రాక్ష బాగుంటుందనీ, చలికి అంజూర చెట్లకు గడ్డి చుట్టి కాపాడతారనీ, తాను గదిలో నిప్పులు పెట్టించుకుని ఆ పొగకు ప్రాణం మీదికి తెచ్చుకున్నాననీ తర్వాత గ్రీకులో రాసుకున్నాడు. 360లో సైనికులు ఆయన్ని అక్కడే డాలు మీద ఎత్తి చక్రవర్తిని చేశారు. జూలియన్ తన రాతలో పాత పేరునే వాడి, పరీసీల చిన్న ఊరిని కెల్టులు ఇలా పిలుస్తారని చెప్పాడు. ఆయన కింద పనిచేసిన సైనికుడు, చరిత్రకారుడు అమ్మియానుస్ ఆ చోటును 'పరీసీలు' అనే రాశాడు. రాజుగారు పుస్తకాల పేరు, సిపాయి బజారు పేరు.

దక్షిణాన మధ్యధరా ఒడ్డు దేశంలో మాత్రం ఈ మార్పు రాలేదు. నీమ్, ఆర్ల్, నార్బొన్, తూలూజ్ పాత ఊరి పేర్లతోనే ఉన్నాయి. అక్కడ రోము అలేసియాకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందే వచ్చి మాజీ సైనికులతో వలస నగరాలు నాటింది. తెగల ఖాతాలు అప్పుడే చెదిరాయి. వెనక్కి వెళ్లి పట్టుకోవడానికి తెగ పేరు మిగల్లేదు.

ఉత్తరాన పెద్ద మినహాయింపు ఎదూయిల ఊరు. రోము వాళ్లను సోదరులని పిలిచేది. క్రీ.శ. 48లో గాల్ పెద్దలకు సెనేట్‌లో చోటు ఇవ్వాలని క్లాడియస్ చక్రవర్తి వాదించినప్పుడు ఆ హక్కు మొదట దక్కింది వాళ్లకే. ఆ ప్రసంగాన్ని చెక్కిన కంచు పలక 1528లో లియోన్‌లో దొరికింది. 311లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి వాళ్ల పన్ను బకాయిలు ఐదేళ్లవి మాఫీ చేస్తే, కృతజ్ఞతగా ఊరి పేరునే ఆయన వంశం మీద 'ఫ్లావియా' అని మార్చేసుకున్నారు. ఆ పేరు నిలవలేదు. అగస్టస్ పేరే అరిగి అరిగి ఓటా అయింది. ఎదూయి అన్న మాట మాత్రం ఫ్రాన్సు పటంలో ఏ పెద్ద ఊరికీ లేదు. రోమును చివరిదాకా ఎదిరించిన ఆర్వెర్నిల పేరు ఓవెర్న్ ప్రాంతానికి ఉంది. తామే కాల్చిన ఊళ్ల బూడిదలో నిలబడి పోరాడిన బితురిగెస్ పేరు బూర్జ్ పట్టణానికీ, బెర్రీ సీమకూ రెండింటికీ ఉంది. రాజభక్తికి పటం మీద ఇంత తక్కువ కూలి ముట్టిన సందర్భం నాకు ఇంకొకటి తట్టడం లేదు.

క్లాడియస్ పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆయన పుట్టింది రోములో కాదు, లుగ్దూనుంలోనే, క్రీ.పూ. 10 ఆగస్టు 1న, అదే బలిపీఠం పండుగ రోజున. నత్తి, కుంటి నడక చూసి ఇంట్లోవాళ్లే మూలకు నెట్టిన ఈ మనిషి, సీజర్ రెండుసార్లు వెళ్లీ పట్టలేకపోయిన దేశం మీదికి క్రీ.శ. 43లో దండు కదిలించాడు. ఆ దేశంలో కాములుస్ అనే కెల్టు దేవుడి పేరు మీద మరో దూనుం ఉంది, కాములోదూనుం. దాన్ని రోము ఎలా గెలిచింది, అక్కడ మాజీ సైనికులు ఎవరి పొలాలు లాక్కున్నారు, పద్దెనిమిదేళ్లు తిరక్కముందే బూదికా అనే రాణి ఆ ఊరిని ఎందుకు బూడిద చేసిందన్నది వచ్చే భాగంలో. అంత గొప్పగా చాటుకున్న ఆ విజయానికి క్లాడియస్ బ్రిటన్ గడ్డ మీద గడిపింది మొత్తం 16 రోజులు.